కిర్రుకి మందు

"చొక్కా కింద ఏంట్రా అది?"

గుమ్మంలోనే దొరికిపోయాడు కొడుకు. చల్లగా గదిలోకి జారుకుందామనుకున్నాడు గానీ, అమ్మ కళ్ళు కప్పడం వాడి తరమా?

"ఇదా... స్ప్రే అమ్మా. తుప్పు వదిలిస్తుంది. కిర్రుమనేవాటికి కొడితే నోరు మూస్తాయి."

"మనింట్లో ఏం కిర్రుమంటోందనీ?"

నిజం చెబుదామా అంటే నోరెలా వస్తుంది? కిర్రుమనేది కొత్త దంపతుల మంచం. తాత ముచ్చటపడి చేయించిన ఇనప మంచం, మార్చేద్దామంటే నాన్న ససేమిరా అంటాడు. ఆ పక్క గోడకి అమ్మానాన్నలు, ఈ పక్క గోడకి అన్నావదినలు, ఎదురు గదిలో నాయనమ్మ. నాయనమ్మతో బాధ లేదు, ఉప్పందించమంటే చెప్పులు తెచ్చిచ్చేంత చెవుడు. మిగతావాళ్ళ చెవుల సంగతే తెలీదు. పెళ్ళాం మాత్రం ఆ పొద్దున్నే తేల్చి చెప్పేసింది: "ఇవాళ ఆ మంచం నోరు మూయిస్తారా సరే. లేదా, దిండు తీసుకుని నాయనమ్మ గదిలోకి పోతాను. ఇక మీ ఇష్టం."

"గేటమ్మా! మన గేటు కిర్రుమనట్లే?"

"అబ్బో, ఇన్నాళ్ళకి ఇంటి మీద ధ్యాస పుట్టింది నాయనకి! పద, కొట్టు."

కొట్టాడు. స్‌స్‌మంది. గేటు వెన్నలా జారింది. అమ్మ దాన్ని తీసి, మూసి, మళ్ళీ తీసి, మురిసిపోయి, "ఏమండోయ్, ఇటు రండి!" అని కేకేసింది. ఆ కేకే వాడి కొంప ముంచింది.

నాన్న తుప్పుపట్టిన తాళంకప్ప, తెరుచుకోని గొడుగు పట్టుకొచ్చాడు. స్‌స్. తాళం తిరిగింది, గొడుగు ఆయన మొహం మీదే టప్పున విచ్చుకుంది.

"మరిదిగారూ, గోడ మీద రంగు గీతలు కూడా పోతాయటగా?" అంటూ వదిన డబ్బా లాక్కుపోయింది. ఆవిడ కూతురు హాల్లో గోడ నిండా ఏనుగుని గీసి పెట్టింది. స్‌స్, స్‌స్. తొండం పోయింది, పొట్ట పోయింది, తోక పోయింది.

"వదినా, ఆ చెవి ఉండనీ, బావుంది," అన్నాడు వాడు దీనంగా.

వింటేనా! చెవీ పోయింది. ఈలోపు అమ్మకి కొత్త స్టీలు బిందె మీద ఊడి చావని స్టిక్కరు గుర్తొచ్చింది. ఆ వెంటనే సంచీ జిప్పు, కత్తెర, కిటికీ గడియ. డబ్బా చేతులు మారుతున్న కొద్దీ వాడి ప్రాణం ఉసూరుమంటోంది. వంటింటి గుమ్మంలో పెళ్ళాం నిలబడి ఉంది, చంకలో దిండుతో.

"చాలు, చాలు! కాస్త మిగల్చండి. మా... మా బీరువా తలుపు కిర్రుమంటోంది."

"మీ బీరువానా? పొద్దున బట్టలు సర్దాను, కుయ్యిమనలేదే?" అంది అమ్మ.

"మధ్యాహ్నం మొదలెట్టిందమ్మా!"

చెయ్యి చాపేలోగా డబ్బా నాయనమ్మ చేతిలో పడింది. ఆవిడ కుర్చీలో కూలబడి చీర మోకాళ్ళ దాకా లాక్కుంది. "కొట్టరా. ఇవీ కిర్రుమంటున్నాయి."

"నాయనమ్మా, అది ఇనుముకి!"

"అవున్రా, నొప్పికే."

"నొప్పికి కాదే, ఇనుముకి! ఇ-ను-ము!"

"రెండింటికీ కొట్టు. ఒక్కదానికి కొడితే రెండోది అలుగుతుంది."

ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. వాడికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ. చివరికి పెళ్ళామే ముందుకొచ్చి, ముసలావిడ చేతిలోంచి డబ్బా నెమ్మదిగా తప్పించి మొగుడికందించి, "రండి నాయనమ్మా, మీ మోకాళ్ళకి నేను నూనె రాస్తాగా" అంది. వెళ్తూ వెళ్తూ వాడికేసి చూసిన చూపు, ఇదే ఆఖరి అవకాశం అన్నట్టుంది.

వాడు ఒక్క ఉదుటున గదిలో దూరి గడియపెట్టాడు. మంచం కింద దూరి, సాలెగూళ్ళు నెత్తికి చుట్టుకుని, ఒక్కో బోల్టునీ బతిమాలుతూ కొట్టాడు. ఆఖరి బోల్టు దగ్గర డబ్బా "స్‌" అని ప్రాణం వదిలింది. భయం భయంగా ఎక్కి కూర్చున్నాడు. దొర్లాడు. ఎగిరి పడ్డాడు. ఉహూఁ, చడీ చప్పుడూ లేదు. వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కాసేపటికి దిండు మళ్ళీ సొంతగదికి తిరిగొచ్చింది, దాని వెనకాలే పెళ్ళామూ.

పొద్దున్నే ఈల వేసుకుంటూ హాల్లోకొచ్చాడు. ఎవరూ పలకలేదు. అమ్మ టీ కప్పు ముందు పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. నాన్న పేపరు మడిచి, ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. అవతల వదిన వాడి పెళ్ళాం చెయ్యి పట్టుకుని, "ఏమున్నా నాతో చెప్పుకో చెల్లీ" అంటోంది. ఆ పిల్ల ఏమీ అర్థంకాక గుడ్లప్పగించి చూస్తోంది. వాడికి అనుమానమొచ్చింది. బంధువుల్లో ఎవరైనా పోయారా?

"ఏమైంది అందరికీ? ఎవరూ మాట్లాడరేం?"

ఎదురు గదిలోంచి నాయనమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. వాడి పక్కన కూర్చుని, గడ్డం పట్టుకుని, ఇంటిల్లిపాదికీ వినపడేలా అడిగింది:

"పెళ్ళాంతో పోట్లాడావట్రా? రాత్రి మీ మంచం కిక్కురుమనలేదు!"