లక్షమందిలో లేని అక్షరం

“సంతకం పెట్టను,” అంది సాల్కిన్, ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితాన్ని బల్లమీద వెనక్కి తోస్తూ. పెట్టకపోతే కూతురు ఏమైపోతుందోనన్న భయమూ ఉంది.

పక్క కుర్చీలో పదిహేనేళ్ళ బెర్మెత్ తలవంచుకుని కూర్చుంది. పోయిన నెల కుస్తీ పోటీల్లో బరిలోకి దిగబోతూ కళ్ళు తిరిగి పడిపోయింది. రాజధాని బిష్కెక్ తీసుకొస్తే ఈ ఆసుపత్రిలో రక్తం పరీక్షించారు. రేపు ఛాతీలో ఒక యంత్రం అమరుస్తారట. ఇక జన్మలో కుస్తీ లేదట.

“చూడమ్మా,” అన్నారు ప్రొఫెసర్ తొలొగొన్ ఓపికగా. “మీ అమ్మాయి జన్యువులో ఒక్క అక్షరం మారింది. వంశంలో దిగే గుండెజబ్బు ఇది. ఇలాంటివాళ్ళ గుండె ముప్ఫై దాటకుండానే ఆగిపోవచ్చు.”

“జబ్బేనని ఎలా చెప్తున్నారు?”

“ఆరోగ్యంగా ఉన్న లక్షా ఇరవై వేలమంది జన్యువుల వివరాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అంతా వెతికాం. ఈ మార్పు ఒక్కరిలోనూ లేదు. అది ఉన్నవాళ్ళు ఆరోగ్యంగా ఉండరు కనకే లేదు.”

సాల్కిన్ కూతురివైపు చూసింది. లక్షమందికి లేనిది తన పిల్లకే రావాలా. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి, ఇంకేం అడగాలో తెలీక తోచిందే అడిగింది.

“ఆ లక్షమందిలో మన కిర్గిజ్‌లు ఎంతమంది?”

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కంప్యూటర్ ముందున్న ఆయన శిష్యురాలు పెరిజాత్ మెల్లగా చెప్పింది.

“ఒక్కరూ లేరక్కా. ఎక్కువమంది యూరప్‌వాళ్ళే.”

“మా గొర్రె తప్పిపోతే, పక్క లోయలో మంద చూసొచ్చి తోడేలు తినేసిందంటారా డాక్టరుగారూ?”

“ఇది గొర్రెల లెక్క కాదమ్మా.”

“మాస్టారూ,” పెరిజాత్ అడ్డొచ్చింది, “మన ఆసుపత్రివాళ్ళతో మొదలుపెట్టి మనం పోగుచేసిన మూడొందలమంది ఉన్నారు కదా. అంతా మనవాళ్ళే. నలభై దాటి, గుండె నిక్షేపంగా ఉన్నవాళ్ళే. నెట్‌లో పెట్టి వారమే అయింది. అందులో ఇంకా వెతకలేదు.”

ఆమె వేళ్ళు మీటలమీద టకటకలాడాయి. సాల్కిన్ కూతురి చెయ్యి పట్టుకుంది. ఇక్కడా లేదంటే, అనుకుంది. లేదనే అంటారు, అని కూడా అనుకుంది.

పెరిజాత్ కుర్చీ తిప్పి అరచెయ్యి చాపింది. “సుయుంచు ఇవ్వక్కా. మంచికబురు ఉత్తినే చెప్పను.”

సాల్కిన్ వేలినున్న వెండి ఉంగరం లాగి ఆ చేతిలో పెట్టేసింది.

“మూడొందల్లో నలుగురికి ఉంది. ఇంతమందిలో మామూలుగా కనిపించేది ప్రాణం తీసే జబ్బు కాదక్కా. మన రక్తంలో తిరిగే అక్షరమే.”

“మరి పిల్ల ఎందుకు పడిపోయినట్టు?” అన్నారు ప్రొఫెసర్.

బెర్మెత్ నేల చూపులు చూస్తూ గొణిగింది. “తూకం కోసం. నలభై తొమ్మిది కిలోల్లోకి రావాలని రెండు రోజులు తిండీ నీళ్ళూ మానేశాను. చెబితే అమ్మ కుస్తీ మానిపిస్తుందని...”

“ఇంటికి పద, నీ పని చెప్తా,” అంది సాల్కిన్, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వాపుకోలేక. “ముందు ఒక గొర్రెనంతా తినిపించి, అప్పుడు చెప్తా.” సంతకం లేని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

ప్రొఫెసర్ మాత్రం ఇంకా తెరవైపే అనుమానంగా చూస్తున్నారు. “తొందరపడకండి. ఆ నలుగురూ ప్రమాదంలో ఉన్నారేమో. పెరిజాత్, పేర్ల చిట్టా నీ దగ్గరుందిగా, వెంటనే ఫోన్లు చెయ్యి. పరీక్షలయ్యేదాకా మెట్లు కూడా ఎక్కొద్దని చెప్పు.”

“అందులో మొదటాయన పొద్దున్నే నాలుగంతస్తులు ఎక్కేశారు మాస్టారూ.”

“నీకెలా తెలుసు?”

“మీ సంచీ మోసుకుంటూ మీ వెనకాలే ఎక్కింది నేనే కదా.”