పేరు చెప్పి రావాలి

"ఇదేంటో చెప్పమ్మా," అంటూ డాక్టర్ జయకుమారి టేబుల్ మీద తాళంకప్ప పెట్టింది.

బసవమ్మ దాన్ని కాసేపు చూసింది. "తెల్లగా మెరుస్తోంది. పైన వంపుగా ఉంది, కింద లావుగా ఉంది."

"దాని పేరు?"

"తెలియట్లేదమ్మా."

డాక్టరు దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టింది. "తాళంకప్ప," అంది బసవమ్మ వెంటనే.

పక్క కుర్చీలో ఉన్న మొగుడు యలమందయ్య పకపకా నవ్వాడు. "తాళంకప్ప తెలియదంట! మా గేదెని తోలుకొచ్చి కూర్చోబెట్టినా ఇంతకన్నా నయం."

యలమందయ్యది అద్దంకి దగ్గర పల్లె. మిర్చి రైతు. కాయ చూసి అది ఏ ఊరి చేలో పండిందో చెప్పగలనని ఆయనకి మహా గొప్ప. గుంటూరు యార్డులో ఆ సంగతి ఎవరూ అడగరు, అయినా చెబుతాడు. ఇంత చూపున్న మహానుభావుడికి, ఇరవయ్యేళ్లు కాపురం చేసిన ఆడదాని ఒంటి మీద కమిలిన మచ్చలు మాత్రం ఒక్కనాడూ కనపడలేదు.

మూడేళ్ల క్రితం, రెండు వేల సంవత్సరం మిరప కోతలప్పుడు, కళ్లంలో బసవమ్మ తల వెనక దెబ్బ తగిలింది. కాలు జారి పడిందని యలమందయ్య ఊరంతా చెప్పాడు. ఊరంతా విన్నది గానీ నమ్మలేదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచిన బసవమ్మ, మంచం పక్కనున్న మొగుణ్ణి చూసి, "ఎవరయ్యా నువ్వు?" అంది.

అప్పుడే జయకుమారి ఒక చీటీ రాసి, ముద్ర వేసి ఇచ్చింది. ఎవరైనా సరే ముందు పేరు చెప్పి ఆమె దగ్గరికి రావాలి. చెప్పకుండా ముట్టుకోకూడదు. ఆమె కేక వేస్తే ఇరుగుపొరుగు వెంటనే రావాలి. ఊళ్లో మాస్టారు దాన్ని వీధి అందరికీ చదివి వినిపించాడు. ఆ చీటీ గడువు ఈ రోజుతో సరి.

డాక్టరు ఈసారి ఒక ఫోటో చూపించింది.

"నల్లటి మీసం. లావు ముక్కు. రెండు కళ్లు," అంది బసవమ్మ.

"ఎవరది?"

"ఎవరోనమ్మా."

"నా ఫోటోనే అది!" యలమందయ్య టేబుల్ మీద చరిచాడు. "ఇదంతా వేషాలు డాక్టరమ్మా. మొన్న కళ్లంలో మంచికాయల్లో రెండు బస్తాల తాలుకాయలు కలిపి దీని ముందు పోశా. సాయంత్రానికల్లా ఒక్క తాలు మిగలకుండా ఏరి అవతల పారేసింది. ఏమీ తెలియనిది ఎట్టా ఏరిద్దంట?"

పెళ్లాన్ని పట్టుకోవడానికి సొంత సరుకులో తాలు కలుపుకున్న రైతు ఆ జిల్లా మొత్తానికి ఈయనొక్కడే అయ్యుంటాడు.

"మంచికాయ ఏ రంగు యలమందయ్యగారూ?"

"ఎరుపు."

"తాలు?"

"తెల్లగా పాలిపోయుంటది. అయితే?"

"అయితే ఆవిడ రంగు చూసి ఏరింది. కళ్లు చూసినదాన్ని మెదడు తల వెనక అందుకుంటుంది. అక్కడ రంగు తెలిసే చోటు వేరు, ఆకారం తెలిసే చోటు వేరు. మొహాలు పోల్చుకునే చోటు ఇంకోటి. ఆ చోటు దెబ్బతింటే మీసం కనపడుతుంది, ముక్కు కనపడుతుంది, అన్నీ కలిపి ఫలానా మనిషని మాత్రం తెలియదు."

"మొగుడి మొహానికి కూడా మెదడులో చోటు కావాలా? ఇరవయ్యేళ్లు తిండి పెట్టా!"

"ఎవరి మొహానికైనా కావాలండీ."

యలమందయ్యకి మండిపోయింది. "నా ఇంటికి నేను పోవాలన్నా వాకిట్లో నిలబడి 'యలమందయ్యనే, నీ మొగుణ్ణే' అని చెప్పుకోవాల్సొస్తంది. దారినపోయే వాళ్లు నవ్వుతున్నారు. ఒకసారి చెప్పకుండా పోయి జుట్టు పట్టుకున్నా. 'దొంగ, దొంగ' అని ఒకటే కేకలు! పక్కింటి సైదాబీ రోకలి పట్టుకుని నా మీదకొచ్చింది. వీధి వీధంతా దిగింది. పేరు చెప్పి రావాలని తెలియదా అని నన్నే తిట్టారు."

"జుట్టు ఎందుకు పట్టుకున్నారు?"

"నా పెళ్లాం జుట్టే కదండీ!" ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో కూడా ఆయనకి అర్థం కాలేదు. "ముందైతే మాట వినకపోతే నాలుగు తగిలించేవాణ్ణి, దారికొచ్చేది. మూడేళ్ల నుంచి చెయ్యెత్తే దారి లేదు. నయమైందని రాసిచ్చెయ్యండి డాక్టరమ్మా. మిగతాది నేను చూసుకుంటా."

బసవమ్మ కొంగు చివర గట్టిగా పట్టుకుంది. ఆమెకి భయం వేసింది. చీటీ లేకుండా ఊరికి పోతే ఆ 'మిగతాది' ఏమిటో ఆమెకి బాగా తెలుసు.

డాక్టరు పాత చీటీ తీసి యలమందయ్యకి ఇచ్చింది. "దీనికి జిరాక్సు కావాలి. రోడ్డవతల కొట్టుంది, తీయించుకుని రండి. ఈలోపు చూస్తాను."

"ఆడ డాక్టరు దగ్గరికొస్తే ఇంతే," అని గొణుక్కుంటూ ఆయన మెట్లు దిగాడు.

బసవమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. గుంటూరు ఆసుపత్రిలో ఆ గది రెండో అంతస్తులో ఉంది. కింద రోడ్డు నిండా యార్డుకి వచ్చిన రైతులు. అందరివీ తెల్ల పంచెలే, తెల్ల చొక్కాలే, అందరి భుజాల మీదా తువ్వాళ్లే. లారీల హారన్లలో ఎవరి మాటా పైకి వినపడటం లేదు.

డాక్టరు కొత్త కాగితం తీసి తేదీ వేసింది. 'ఇంకో మూడేళ్లు' అని మొదలుపెట్టింది. పెన్ను గీయకపోతే విదిలించింది.

"అదుగో, రోడ్డు దాటుతున్నాడు, త్వరగా రాయండమ్మా," అంది బసవమ్మ.