మేడ మీది చుట్టం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: చందన, ఆమె మేనమామ సుదర్శనం, అవ్వ రంగనాయకమ్మ. అవ్వ లెక్కలో మాత్రం నలుగురు. మేడ మీది యంత్రాన్ని ఆమె అద్దె కట్టని చుట్టం అనేది.

చందన ఫోన్ చెవికి పెట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. అవతల తిరువళ్ళూరు కాలేజీ నుంచి ఆమె గైడు మురళీధరన్ సార్. ఆయన చెప్పేది కొత్తేమీ కాదు. శాటిలైట్ పైనుంచి మబ్బులను చూసి, నేల మీద ఎంత ఎండ పడుతోందో అంచనా కడుతుంది. ఆ అంచనా ఎంతవరకు నిజమో తేల్చడానికి వీళ్ళ ఊరు కే.జీ.కండిగైలో ఈ మేడ మీద యంత్రం ఎండను కొలుస్తోంది. పొద్దున రెండు లెక్కలూ కలుస్తాయి. సాయంత్రమూ కలుస్తాయి. మిట్టమధ్యాహ్నం మాత్రం, ఆకాశంలో మబ్బు తునక లేదని శాటిలైట్ అంటుంటే, ఎండ సగానికి పడిపోయిందని యంత్రం అంటుంది. మొదట్లో ఆ తగ్గుదల అరగంటే ఉండేది. రానురాను గంట దాటింది.

ఈ రోజు కూడా కలవకపోతే యంత్రాన్ని ఇంకో ఊరికి, ఆరంబాక్కానికి పంపించేస్తానని, చందన ప్రాజెక్టు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలని చెప్పి సార్ ఫోన్ పెట్టేశాడు.

ఆమె చెయ్యనిది లేదు. వైరు మార్పించింది. యంత్రం నెత్తిన ఉండే గాజుబుడ్డి రోజూ తుడిచింది. మేడ మీద మామ లుంగీలు ఆరేసే తీగ పీకించింది.

"నా లుంగీ సూర్యుణ్ణే ఆపుతాదంటే నాకు గొప్పే గదా మే," అని మామ నవ్వినాడు. తీగ పోయింది గాని, మధ్యాహ్నం లెక్క పడిపోవడం పోలేదు.

మిగిలింది అవ్వ. యంత్రం వచ్చి తన వడియాల చోటు తినేసిందని మొదటి రోజే సణిగింది. చందన సాయంత్రం రైలు దిగి ఇల్లు చేరగానే ఆమె అడిగే మొదటి మాట ఒకటే: "ఇయాల కూడా తగ్గిందా?"

ఆ మాట చందనకు ఎత్తిపొడుపులా తగిలేది. తగ్గింది, సంతోషమా అని విసుక్కునేది. అవ్వ కోప్పడేది కాదు. బస్సుల్లో పోయే జనమంతా ఆ మెరిసే బుడ్డినే చూస్తా ఉండారని, తగ్గక ఏమవుతాదని గొణిగేది. ఈ వాగుడు వినే ఓపిక లేక చందన లోపలికి పోయేది.

రోజూ కాలేజీలో కూర్చుని ఫోన్‌లో అంకెలు చూసుకోవడమే గాని, మధ్యాహ్నం ఆ యంత్రం పక్కన ఆమె ఏనాడూ లేదు. అందుకే ఈ రోజు కాలేజీ మానేసింది. ఎండ నడినెత్తికి వస్తుండగా మెట్లెక్కింది. అప్పటికే అవ్వ పైమెట్టు మీద ఉంది. వడియాలు తిరగెయ్యడానికి కాబోలు, ఎండకు నెత్తిన పాత పలచని నల్లచీర మడత పెట్టుకుంది.

"యాడికి మే?"

"యంత్రం దగ్గర కూర్చుంటా."

"మిట్టమధ్యాహ్నం వయసుపిల్ల మేడ మీద నిలబడతాదా? దిగు."

"తప్పుకో అవ్వా. ఇయాల కూడా ఎండ తగ్గితే నా చదువు పోతాది. నీకు చెప్తే అర్థం కాదు."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది.

"చదువే పోతాదా?" అంది మెల్లగా.

తర్వాత మనవరాలి భుజం పట్టి రెండు మెట్లు కిందికి దించింది. తను మేడ మీదికి దాటి, తలుపు మూసి, అవతల గడియ వేసుకుంది. చందన అరచేతులతో తలుపు బాదింది. తెరవమని బతిమాలింది. ఏడ్చింది.

తలుపు వెనక నుంచి అవ్వ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా వినిపించింది.

"నీ యంత్రానికి దిష్టి తగలకుండా, రోజూ మాదిరి గంటసేపు గాదు, ఇయాల పొద్దు మునిగేదాకా చీర కప్పే పెడతాలే మే."