ఎడమచేతి గుండీ

“సంతకం పెడతారా, పెట్టరా?” నర్సు అలా అడగడం అది మూడోసారి.

టైలరు కాగితం వైపే చూస్తున్నాడు గానీ కలం అందుకోలేదు. రేపు పొద్దున అతని మెడ ఎముకల్లో నాలుగు స్క్రూలు బిగిస్తారు.

“ఇంకోసారి చెప్పండి డాక్టరుగారూ. స్క్రూ నరానికి తగిలితే?”

సర్జన్ బల్ల మీదున్న ప్లాస్టిక్ మెడ ఎముకల బొమ్మను ఎడమచేత్తో ఇటు తిప్పాడు. “స్క్రూ దిగేది ఇక్కడ. చేతికి వెళ్ళే నరం ఇదిగో, పక్కనే. మధ్యలో బియ్యపుగింజంత సందు కూడా ఉండదు. వెంట్రుకవాసి తప్పినా చెయ్యి పడిపోవచ్చు. ఆపరేషన్ చెయ్యకపోతే మాత్రం ఆ చెయ్యి ఎలాగూ మిగలదు.”

“సూది బెజ్జంలో దారం ఎక్కించడమన్నమాట.”

“అంతే. పాతికేళ్ళుగా ఎక్కిస్తున్నాను. ఒక్కటీ తప్పలేదు.”

“విన్నారుగా! పెట్టండి సంతకం,” అంది టైలరు భార్య. “మీరు కుట్టిన ప్యాంట్లన్నీ సరిగ్గా వచ్చాయా ఏంటి?”

“ప్యాంటు చెడితే విప్పి కుడతానే. మెడ విప్పి కుడతారా?”

నర్సు ఫక్కున నవ్వింది. సర్జన్ నవ్వలేదు.

“అసలు మీకు ఎలా మొదలైంది?”

“ఫైల్లో రాసుకున్నారు కదండీ.”

“మీ నోటితో చెప్పండి.”

“ముందు నొప్పేం లేదండీ. కుడిచేతి వేలికొసలు మొద్దుబారాయి. సూది జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత చొక్కా గుండీలు. ముందరివి రెండు చేతులతో ఎలాగో పెట్టుకునేవాణ్ణి. ఎడమచేతి మణికట్టు గుండీ ఉంది చూడండి, దానికి కుడిచెయ్యి ఒక్కటే దిక్కు. ఎంత తంటాలు పడ్డా కాజాలో దూరేది కాదు.”

“ఆర్నెల్లు నేనే పెట్టాను,” అంది భార్య. “కొట్లో ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నారు. వేళ్ళు పనిచెయ్యని టైలరుకి గుడ్డ ఎవరిస్తారు?”

సర్జన్ ముందుకు జరిగాడు. “ఆర్నెల్లూ ఎవరూ కనిపెట్టలేదా? గుడ్డ ఏదీ పాడవలేదా?”

“ఐదు నెలలు పాడవలేదండీ. ఆరో నెల్లో కత్తెర పక్కకి పోయింది. కోటు గుడ్డ.”

“ఒక్కటేగా,” అన్నాడు సర్జన్ మెల్లగా. ఆయన ఒక్క ముక్కా రాసుకోలేదు.

తర్వాత కలం తీసి కుడిచేత్తో అందించబోయాడు. టైలరు అందుకునేలోపే అది కింద పడి దొర్లింది. నర్సు వంగి తీసి టైలరు చేతిలో పెట్టింది.

“ఇక కానివ్వండి,” అంది.

టైలరు కాగితం మీదికి వంగాడు. బల్ల అంచున సర్జన్ చేతులు రెండూ ఆనుకుని ఉన్నాయి. ఎవరి చొక్కా కనబడినా ముందు కుట్టు చూడటం అతనికి అలవాటు. మంచి గుడ్డ, చక్కని కుట్టు. కుడి మణికట్టు దగ్గర గుండీ బిగువుగా పెట్టి ఉంది.

అతని చూపు ఎడమ మణికట్టు మీదికి వెళ్ళి ఆగిపోయింది. కలం పక్కన పెట్టేశాడు.

“మళ్ళీ ఏమొచ్చిందండీ?” అంది భార్య.

“సంతకానికేం, పెట్టేస్తాను,” అన్నాడు టైలరు. “డాక్టరుగారూ, ముందు మీ ఎడమచేతి గుండీ పెట్టుకోండి.”

సర్జన్ కుడిచెయ్యి బల్ల మీంచి లేవలేదు. పక్కనున్న నర్సు, రోజూ చేసే పనిలా, వంగి ఆ గుండీ పెట్టేసింది.