కుంగని ఇల్లు

“పన్నెండింటికి రిపోర్ట్ పోవాలె. నువ్వింకా ఆ ఒక్క ఇల్లు పట్టుకొని కూసున్నవా?” టీమ్ లీడ్ అనుదీప్ విసుక్కున్నాడు.

రచన స్క్రీన్ మీంచి కళ్లు తిప్పలేదు. ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్లోని ఆ ఆఫీసులో చేరి నాలుగు నెలలే అయింది. సైబీరియా ఉత్తరపు కొసన ఉన్న ఓ ఊరిని ఉపగ్రహం పైనుంచి కొలుస్తుంటే, ఆ కొలతలు చూసి నేల ఎక్కడెంత కుంగిందో చెప్పడం ఆమె పని. అక్కడ నేలంటే మన్నూ మంచూ కలిసి గడ్డకట్టిన ముద్ద. ఏటేటా ఎండలు ముదిరి ఆ మంచు కరుగుతోంది, ఊరు ఊరంతా కిందికి దిగిపోతోంది. బడి గోడ నిలువునా చీలింది. రచన ఏ చోటు చూపిస్తే అక్కడ కొత్త బడి కట్టిస్తామని లండన్ పక్కన క్రోయిడన్‌లోని ఓ చారిటీ సంస్థవాళ్లు మాటిచ్చారు. నలభై రెండు మంది పిల్లలు మరి.

“అరవై మూడిళ్లు కుంగాయండీ. ఊరి చివర ఈ నీలం కప్పు ఇల్లు మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఎందుకంటారు?”

“వాస్తు మంచిగుందేమో!” అనుదీప్ నవ్వాడు. “గట్టి నేల దొరికింది గదా, ఆడ్నే కట్టుమని రాసెయ్.”

రాసింది కూడా. తీరా పంపబోతే మనసొప్పలేదు. తనూ అనుదీపూ ఇద్దరూ కంప్యూటర్ చదువులవాళ్లే, ఆ నేల మీద కాలు పెట్టిన పాపాన పోలేదు. కారణం తెలియకుండా పిల్లల్ని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టడమేమిటి? పైగా ఆ ఇంటి కిటుకేమిటో తెలుసుకోకపోతే ఆమెకి నిద్రపట్టేలా లేదు. ఆ ఊరి పంతులమ్మకి ఫోన్ కలిపింది.

పంతులమ్మ వచ్చీరాని ఇంగ్లీషులోనే ఉబ్బితబ్బిబ్బయింది. “చోటు దొరికిందా తల్లీ! ఈ చలికాలం మా పిల్లలు వెచ్చని గదిలో కూర్చుంటారన్నమాట!”

“ఆ నీలం కప్పు ఇల్లున్న చోటేనండీ. అసలు ఆ ఇల్లు కట్టిందెవరు?”

“మా ఊరి వడ్రంగే. అన్నిళ్లూ ఆయనే కట్టాడు.”

“పునాదిలో ఏం వేశారు?”

“అందరికీ వేసిందే. కర్ర దుంగలు.”

“పోనీ, నేలలో ఏమైనా తేడా ఉందా?”

“ఏ తేడా లేదు. దాని పక్కిల్లు నాదే. మోకాలి లోతు దిగిపోయింది.”

రచన ఇక ఆగలేకపోయింది. “అయితే ఆ ఇంట్లోవాళ్లే ఏదో జాగ్రత్త తీసుకుంటున్నారు. ఒక్కసారి వాళ్లని ఫోన్‌కి పిలవండి, నేనే అడుగుతాను.”



“ఎవర్ని పిలవనమ్మా? ఆ ఇంటికి తాళం పడి తొమ్మిదేళ్లయింది. ఎండ వేడికి పొయ్యి వేడి తోడవలేదు గనకే దాని కింద మంచు ఇంకా కరగలేదు.”