కోరపన్ను సంబంధం

ఆస్పత్రి గుమ్మానికి ‘రాక్షసులకు ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టుకున్న పళ్ళ డాక్టరు, ఇవాళ ఒక రాక్షసి ఇంట్లో సోఫా అంచున చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

ఆ బోర్డు పీకి పారేసి, వాచిన దవడతో లోపలికొచ్చి పోట్లాడింది ఈ ఇంటి అమ్మాయే. కోరపన్ను పీకేదాకా ఆయన తిట్టాడు, పీకాక ఆమె తిట్టింది. తర్వాత ఆ తిట్లు లేకపోతే ఇద్దరికీ పొద్దుపోలేదు.

తల్లి రాక్షసి వచ్చి డాక్టరు బుగ్గ గిల్లింది.

“ఎంత లేతగా ఉన్నాడే! ఎక్కడ దొరికాడు?”

ఆయన సిగ్గుపడ్డాడు. వీళ్ళు అనుకున్నంత మొరటువాళ్ళు కారనిపించింది.

“అమ్మా, తినడానికి తేలేదు. పెళ్ళి చేసుకుంటాను,” అంటూ కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది.

తల్లి కుర్చీలో కూలబడింది.

“ఓసి నా తల్లో! మనిషినా? తింటే తిన్నావు గానీ, చేసుకోవడమేంటే? మీ పెదనాన్నకి నా మొహం ఎలా చూపించను?”

డాక్టరుకు రోషం ముంచుకొచ్చింది. ప్రాణం మీద ఆశ వదులుకుని నోరు విప్పాడు.

“పొద్దున మా అమ్మ కూడా ఇలాగే శోకాలు పెట్టిందండీ.”

“ఏమంది?” తల్లి రాక్షసి ముక్కు చీదుకుంది.

“‘దానికి ఆహారమైపోతే అయిపోరా, కోడలిగా మాత్రం తేకు’ అంది.”

తల్లి రాక్షసి ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు మెరిశాయి.

“ఆహా! వియ్యపురాలంటే అలా ఉండాలి!” అంది.

తన నోట ఏ మాట జారిందో, కూతురు వచ్చి మెడకు చుట్టుకున్నాక గానీ ఆమెకు తెలియలేదు.