కడియం మోగని చోట

మారేడుమిల్లి అడవిలో సోమాలమ్మ కుటుంబం నడిపే వెదురు గుడిసెల్లో నిన్న సాయంత్రం దిగిన దగ్గర్నుంచి ఇహితకు కాలు నిలవడం లేదు. చేతి కడియానికి అక్కడ సిగ్నల్ అందదు. నగరంలో అందరిలాగే ఆమె కూడా ఊహ తెలిసినప్పటి నుంచి కడియం మోగితే తినేది, మళ్ళీ మోగితే ఆపేది. ఇప్పుడది ఉత్త గాజులా చేతికి వేలాడుతోంది.

మధ్యాహ్నానికి కడుపులో ఏదో మెలిపెట్టింది. నీళ్ళు తాగింది, పడుకుంది, లేచింది, వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. చివరికి భయం ఆపుకోలేక వంటపాకలోకి పరుగెత్తింది.

“నాకేదో అవుతోందండీ. ఇక్కడ లోపల పట్టుకుని లాగుతున్నట్టుంది. ఆస్పత్రి ఎంత దూరం?”

పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్న సోమాలమ్మ తల తిప్పింది. “పొద్దున్నేం తిన్నావమ్మా?”

“ఏమీ తినలేదు. కడియం మోగలేదు కదా.”

సోమాలమ్మకు నవ్వొచ్చింది కానీ, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి ఆపుకుంది. “రోగం కాదు తల్లీ, ఆకలి. కూకో, బొంగులో చికెన్ ఉడికిపోయింది.”

అడ్డాకు విస్తరి వేసి, వేడన్నం పెట్టి, వెదురుబొంగు చీల్చింది. ఆవిరి మొహానికి తగలగానే ఇహితకు నోరూరింది. గబగబా కలిపి ముద్ద ఎత్తింది. అది నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

“ఏమ్మా, ఆగిపోయావు?”

“తింటే ఈ ఆకలి పోతుందా? ఇంతకు ముందెప్పుడూ నాకిది తెలీదు.”

“పోద్ది మరి.”

ఇహిత ముద్దను మళ్ళీ ఆకులో పెట్టి, ఎడమచెయ్యి కడుపు మీద వేసుకుంది.

“అయితే ఇంకొక్క నిమిషం ఉండనివ్వండి.”